అక్క భుజం, తమ్ముడి వైద్యం

మార్చి 4

ఒరేయ్ తమ్ముడూ,

మీ బావ నీకు ఫోన్ చేసేలోపే ఈ ఉత్తరం పోస్టు చెయ్యాలని గబగబా రాస్తున్నాను. ఆయన చెబితే నేను చావు తప్పి బయటపడ్డట్టు చెబుతాడు. మరదలు ఏడుస్తుంది. నువ్వు ఫోన్ లాక్కుని నాకు క్లాసు పీకుతావు. రెండో నిమిషంలో మనిద్దరిలో ఎవరో ఒకరు ఫోన్ పెట్టేస్తారు. మన ఫోన్ల సంగతి ఎప్పుడూ అంతే కదా. కాగితం మీదైతే కనీసం చివరిదాకా తిట్టుకోవచ్చు.

విషయం ఏమిటంటే, పోయిన గురువారం నా ఎడమ భుజం కీలు తప్పింది. అదే కుడిదై ఉంటే నా ఉత్తరాలు లేక నువ్వు కొన్నాళ్ళు ప్రశాంతంగా ఉండేవాడివి. నీ రాత బాగాలేదు.

మా పూల్‌లో, పెద్దవాళ్ళ బ్యాచ్‌లో పన్నుల ఆఫీసు గుమాస్తా ఒకడున్నాడు. మూడు నెలలుగా ఈత నేర్చుకుంటున్నాడు. ఇంతవరకూ నేర్చుకున్నది టోపీ పెట్టుకోవడం ఒక్కటే. లోతు వైపు వెళ్ళొద్దన్నాను, వెళ్ళాడు. మునిగాడు. నేను గట్టు మీద బోర్లా పడుకుని ఎడమ చెయ్యి అందించాను. పట్టుకున్నవాడు ఊరికే ఉండొచ్చు కదా. నాకు సాయం చేద్దామనుకున్నాడట, రెండు కాళ్ళతో గోడని ఒక్క తన్ను తన్నాడు. అతను వెనక్కి, నేను ముందుకి. భుజంలో డబ్బా మూత ఊడినట్టు చప్పుడైంది. మనిషిని మాత్రం వదల్లేదురా. కుడి చేత్తో జుట్టు దొరకబుచ్చుకుని పైకి ఈడ్చాను. పైకొచ్చి, దగ్గి, ఊపిరి పీల్చుకుని అతగాడు అడిగిన మొదటి మాట, "మేడం, నా కళ్ళద్దాలు కనిపించాయా?"

ఆసుపత్రిలో డాక్టరు భుజాన్ని మళ్ళీ లోపల కూర్చోబెట్టాడు. ఎముక విరగలేదు. మూడు వారాలు చేతిని మెడకి కట్టే పట్టీ, ఆ తర్వాత ఫిజియోథెరపీ అన్నాడు. అంటే నువ్వు చేసే పని. ఇరవై ఏళ్ళుగా నీది ఒళ్ళు పట్టే ఉద్యోగమని వెక్కిరించినదాన్ని, ఇప్పుడు నీలాంటి వాళ్ళ దగ్గరికే పోవాలి. నవ్వుకో. ఒక్కసారే నవ్వుకో.

నా దిగులు భుజం గురించి కాదు. జూన్ పదిహేనున మా పరీక్ష. ఏటా ఉండేదే. అరవై అయిదు కిలోల మనిషిని యాభై మీటర్లు నీళ్ళలో లాక్కొచ్చి, ఎవరి సాయం లేకుండా గట్టు ఎక్కించాలి. అది చేస్తేనే లైఫ్‌గార్డ్ కుర్చీ. ఇరవై ఆరేళ్ళుగా ఆ కుర్చీ నాది. యాభై రెండేళ్ళు వచ్చాక దాన్ని ఇంకెవరికో ఇచ్చి నన్ను టికెట్లు చింపమంటే నేను చింపను. ముందు ఇచ్చినవాడి చొక్కా చింపుతాను.

బావ నాకు జడ వేస్తున్నాడు. మూడు పాయలు తియ్యాలని రోజూ చెబుతున్నాను, రోజూ రెండిటితోనే కానిచ్చేస్తున్నాడు.

ఒంటిచేతి
మీ అక్క

*

మార్చి 11

అక్కా,

నీ ఉత్తరం వచ్చింది. బావ ఫోన్ కూడా వచ్చింది, నీ ఉత్తరానికన్నా ఆరు రోజులు ముందు. నీ మరదలు ఏడవలేదు. "గుమాస్తా జుట్టు ఊడిందా లేదా?" అని అడిగింది.

ఒక్కసారే నవ్వమన్నావు కాబట్టి ఒక్కసారే నవ్వాను. కాసేపు పట్టింది.

ఇప్పుడు సీరియస్‌గా విను. భుజం అంటే నువ్వనుకున్నట్టు తలుపు బందు కాదు. చిన్న పళ్ళెం మీద నిలబెట్టిన పెద్ద బంతి. దాన్ని చుట్టూ ఉన్న కండరాలు పట్టుకుని ఉంచాలి. ఒకసారి జారిన బంతి మళ్ళీ జారడానికి చూస్తుంది. నీ వయసులో ఇంకో బాధ, జారకపోతే బిగుసుకుపోతుంది. నీకు ఈ రెండూ అర్థం కావని నాకు తెలుసు. "నొప్పి అంటే బద్ధకం" అని పిల్లల్ని నీళ్ళలోకి తోసే మనిషివి. నీ బ్యాచ్‌లో నేర్చుకున్న వాళ్ళు నా క్లినిక్‌కి రాకపోవడానికి కారణం నేను దూరంగా ఉండటమే.

మూడు వారాలు పట్టీ తియ్యకు. వేళ్ళూ మణికట్టూ కదుపు. ఆ తర్వాత మీ ఊళ్ళో దొరికే ఫిజియో ఎవరో, ఎలాంటి మనిషో నాకు రాయి. ఈ రోజుల్లో గది అద్దెకి తీసుకుని రెండు రబ్బరు పట్టీలు వేలాడదీసిన ప్రతివాళ్ళూ ఫిజియోలే. పరీక్షకి ఇంకా మూడు నెలలుంది. నేను చెప్పినట్టు చేస్తే ఎత్తగలుగుతావు. చెయ్యవు, అది వేరే సంగతి.

పట్టీ ఎలా కట్టారో వీడియో తీసి పంపు.

నీ ఒళ్ళు పట్టే
తమ్ముడు

*

మార్చి 27

చదువుకున్న తమ్ముడికి,

వీడియో పంపను. నా భుజం బజార్లో పెట్టిన సరుకు కాదు, తిప్పి తిప్పి చూపించడానికి.

పట్టీ తీసేశారు. లోపల్నుంచి బయటపడ్డది నా చెయ్యేనా అని అనుమానం వచ్చింది. సన్నబడి, పాలిపోయి, ఎవరో చుట్టాలు మన ఇంట్లో మర్చిపోయి వెళ్ళినట్టుంది.

ఫిజియో ఎలాంటి మనిషని అడిగావు కదా, చెబుతాను. ఆడపిల్ల. ముప్ఫై దాటి ఉండదు. నేను పేరు పెట్టాను, కొలబద్ద. ఎందుకంటే ఆ పిల్ల నోరు విప్పక ముందే కొలుస్తుంది. ప్లాస్టిక్‌ది, రెండు రెక్కలది, మధ్యలో గుండ్రంగా అంకెలున్న ఓ సాధనం తెచ్చి నా చంక దగ్గర పెట్టి, "చెయ్యి ముందుకి ఎత్తండి. నలభై అయిదు డిగ్రీలు. సరే, దించండి," అంటుంది. అంతే. బాగుందనదు, బాగాలేదనదు. పుస్తకంలో రాసుకుంటుంది.

దాని గది మెట్ల కింద, కిటికీ లేకుండా, మంచుపెట్టెలా ఉంటుంది. అక్కడ నాతో ఏం చేయించిందో తెలుసా? ముందుకి వంగి, బల్ల పట్టుకుని, దెబ్బతిన్న చేతిని గడియారం లోలకంలా ఊపమంది. ఊపాను. తర్వాత గోడ ముందు నిలబెట్టి వేళ్ళతో గోడ ఎక్కమంది. ఎలా అంటే చీమలా. నేనురా! ఒకప్పుడు ఒకే పూట ఇద్దర్ని నీళ్ళలోంచి ఈడ్చినదాన్ని, మెట్ల కింద గదిలో వేళ్ళతో గోడ పాకాను. నా పక్కన మోకాలు బాగుచేయించుకుంటున్న ముసలాయన "శభాష్" అన్నాడు. ఆయన్ని పెద్దవాడని వదిలేశాను.

రోజుకి మూడుసార్లు ఇంట్లో చెయ్యమంది. పనిలో చేరాను కాబట్టి పొద్దున్నే వెళ్ళి అక్కడే చేసుకుంటున్నాను. ఇంట్లో గోడలెక్కితే బావ వంటింట్లోంచి తొంగి చూసి నవ్వుతాడు. ఇప్పటికి నన్ను గట్టు మీద పాఠం చెప్పడానికే రానిస్తున్నారు. కుర్చీలో వేరే ఎవర్నో కూర్చోబెట్టారు. అతను కుర్చీలో కూర్చుని ఆవలిస్తాడు. లైఫ్‌గార్డ్ ఆవలించడం నేనెక్కడా చూళ్ళేదు.

అవమానంతో,
అక్క

*

ఏప్రిల్ 3

అక్కా,

కొలబద్ద సంగతి చదివాను. లోలకం, గోడ, ఇవి రెండూ మొదటి పాఠాలు. నేనూ అవే చెబుతాను, కాకపోతే కిటికీ ఉన్న గదిలో చెబుతాను. ఆ పిల్ల ఇంకేమీ చెయ్యట్లేదంటే మాత్రం నాకు నచ్చలేదు. వారానికి ఒకసారి కొలిచి పుస్తకంలో రాసుకోవడం వైద్యం కాదు, జనాభా లెక్కలు.

నువ్వు రోజూ చెయ్యి ఎంతవరకు లేస్తోందో నాకు రాయి. డిగ్రీలు నీకు తెలియవు కాబట్టి ఒంటి గుర్తులతోనే రాయి. రొమ్ము ఎత్తు, భుజం ఎత్తు, గడ్డం ఎత్తు, చెవి ఎత్తు. అబద్ధాలు రాయకు. నీకు అలవాటు లేదనుకో, గొప్పలు మాత్రం ఉన్నాయి.

దెబ్బతిన్న చెయ్యి చెవికి ఆనినప్పుడు చెప్పు. అప్పుడు రెండో అంచె మొదలుపెడదాం. బావకి జడ నేర్పించు. నీ మరదలు చెబుతోంది, మూడు పాయల్లో పక్కది వచ్చి ఎప్పుడూ మధ్యలో పడాలని చెబితే అర్థమవుతుందట.

నమ్మకస్తుడైన
తమ్ముడు

*

ఏప్రిల్ 14

ఒరేయ్ జనాభా లెక్కలవాడా,

రాసుకో. ఏప్రిల్ ఐదున భుజం ఎత్తు. తొమ్మిదిన గడ్డం దాటింది. నిన్న పొద్దున చెవికి ఆనింది. నొప్పి లేదు. పెద్దగా కష్టం కూడా లేదు. మెల్లగా వెళ్ళి పక్కన చేరింది, ఎప్పట్నుంచో అక్కడే ఉన్నట్టు. సంతోషంతో కళ్ళమ్మట నీళ్ళొచ్చాయని నీకు రాస్తే నువ్వు మరదలికి చదివి వినిపిస్తావు, అందుకని రాయను.

మధ్యాహ్నం కొలబద్ద దగ్గరికి వెళ్ళి గర్వంగా చెప్పాను. "చెవికి ఆనింది," అన్నాను. "ఏదీ, ఎత్తండి," అంది. ఎత్తాను. ఆ మంచుపెట్టె గదిలో చెయ్యి మొరాయించింది. ప్లాస్టిక్ ముక్క పెట్టి "డెబ్భై," అంది. నేనన్నాను, "అమ్మాయ్, పొద్దున చెవిదాకా వెళ్ళింది, నేను అబద్ధం చెబుతానా?" అది నన్ను చూసి, "మీరు చెప్పరు. మీ చెయ్యీ చెప్పదు," అని రాసుకుంది. ఒళ్ళు మండిపోయింది. ఆ గది చలికి నా చెయ్యి బిగుసుకుంటోందని నా అభిప్రాయం. లేదా ఆ ప్లాస్టిక్ సాధనం చవకబారుది.

రెండు నెలలుంది పరీక్షకి. డెబ్భై డెబ్భై అంటూ కూర్చుంటే నేను కుర్చీ ఎక్కను, ఆవలించేవాడు దిగడు. రెండో అంచె పంపు.

చెవిదాకా లేచిన
అక్క

*

ఏప్రిల్ 20

అక్కయ్యా!

చూశావా! నేను ఉత్తరాల్లో చెప్పిన ముక్కలతో ఏడు వారాల్లో చెవిదాకా వచ్చావు. ఎదురుగా కూర్చుని వైద్యం చేసిన మనిషికి అది కనబడలేదు. నా దగ్గర పనికి చేరినవాళ్ళకి మొదటి రోజే చెబుతాను, సాధనం సరైన చోట పెట్టకపోతే ముప్ఫై డిగ్రీలు తప్పు చూపిస్తుందని. ఆ పిల్లకి ఎవరూ చెప్పి ఉండరు. పాపం అనాలనుంది, అనలేకపోతున్నాను.

ఇక నువ్వు రెండో అంచె కాదు, నేరుగా మూడోది మొదలుపెట్టొచ్చు. చెవిదాకా నొప్పి లేకుండా వెళ్ళే చేతికి బలమే తక్కువ. ఎర్ర రబ్బరు పట్టీ కొను, గట్టిది. తలుపు బందుకి కట్టి వెనక్కి లాగు, పదిహేనుసార్లు. ఆ తర్వాత రెండు చేతులూ తల వెనక కట్టుకుని మోచేతులు వెనక్కి విప్పు. చివర్లో పట్టీని తలపై నుంచి కిందికి లాగు. బొమ్మలు వేసి పంపుతున్నాను. బొమ్మలో మనిషి నీకన్నా అందంగా ఉన్నాడు, ఏమీ అనుకోకు.

ఇందులో ఇంకో కాగితం ఉంది. అది కొలబద్దకి. తీసుకెళ్ళి ఇవ్వు. మర్యాదగానే రాశాను.

విజయంతో,
తమ్ముడు

*

ఏప్రిల్ 27

తమ్ముడూ,

నీ కాగితం ఇచ్చాను. ఇచ్చేముందు చదివాను, లేకపోతే ఊరుకుంటానా. "తోటి వృత్తిలో ఉన్న సోదరిగా భావించి" అని మొదలుపెట్టి, "కొలిచే సాధనం వాడటం మళ్ళీ ఒకసారి నేర్చుకోగలరు" అని ముగించావు. నీ మర్యాద ఇంతే అయితే నీ అమర్యాద ఎలా ఉంటుందో నేను ఊహించలేను. నిజానికి చదివి చాలా సంతోషించాను.

అది నిలబడే చదివింది. మొహంలో ఏమీ మారలేదు. కాగితం నాలుగు మడతలు పెట్టి నా ఫైల్లో పెట్టింది. "మీ తమ్ముడు మిమ్మల్ని చూశారా?" అని అడిగింది. "చూడక్కర్లేదు, వాడికి నా సంగతి పుట్టినప్పట్నుంచీ తెలుసు," అన్నాను. "ఎర్ర పట్టీ ఇప్పుడే వద్దు. తల వెనక చేతులు అసలే వద్దు. జారిన భుజానికి అదే జారే దారి," అంది. నేను బ్యాగు తీసుకుని లేచి వచ్చేశాను. ఇక వెళ్ళను.

ఎర్ర పట్టీ కొన్నాను. రేపట్నుంచి పడగ్గది తలుపుకి కట్టి లాగుతాను. బావ ఆ తలుపు బందు వదులుగా ఉందంటున్నాడు. ఆయనకి నా భుజం కన్నా తలుపు మీద ప్రేమ ఎక్కువ.

దాని మొహం చూడక్కర్లేని ఆనందంలో,
అక్క

*

మే 9

ఒరేయ్,

నిన్న సాయంత్రం, బిగుసుకున్న ఎడమ చేతిని కుడి చేత్తో లాగి, తల వెనక చేతులు కట్టుకుని మోచేతులు వెనక్కి విప్పాను. నీ బొమ్మలో అందగాడు చేసినట్టే. మళ్ళీ జారింది.

పూర్తిగా ఊడలేదు, సగం జారి తనంతట తానే లోపలికి వెళ్ళిందని డాక్టరు అన్నాడు. కండరం తెగలేదని స్కానింగులో తేలింది. రెండు వారాలు మళ్ళీ పట్టీ. పరీక్షకి ఇక అయిదు వారాలే.

నేను అరిచిన అరుపుకి బావ పరిగెత్తుకొచ్చి ముందు తలుపు బందు చూశాడు. ఆ తర్వాత నన్ను చూసి ఏడ్చేశాడు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన ఏడవడం చూళ్ళేదు. నీ వైద్యం వల్ల అదీ చూశాను.

అక్క

*

మే 15

అక్కా,

నాలుగుసార్లు ఫోన్ చేశాను. నువ్వు ఎత్తలేదు. బావ ఎత్తి, "పడుకుంది" అన్నాడు. పొద్దున పదకొండింటికి.

ఇది జరగకూడదు. చెవిదాకా నొప్పి లేకుండా చెయ్యి లేచే మనిషికి ఆ వ్యాయామంతో భుజం జారదు. నా క్లినిక్‌లో ఒక్కళ్ళకీ జారలేదు. కాబట్టి రెండే కారణాలు. ఒకటి, నేను పదిహేనన్నది నువ్వు నూట యాభై చేశావు. నీ సంగతి నాకు తెలుసు. రెండు, చెవి అని గొప్పకి రాశావు, నిజానికి గడ్డందాకా కూడా లేవలేదు. కుర్చీ కోసం నన్ను తొందరపెట్టడానికి అలా రాశావేమో. అదే నిజమైతే తప్పు నాది కాదు.

మనసులో ఉన్నది రాశాను. నీకు కోపం వస్తే రానీ.

తమ్ముడు

*

మే 24

నా తమ్ముడికి,

నీ ఉత్తరం చదివి ముక్కలు చేశాను. తర్వాత ముక్కలు ఏరి మళ్ళీ చదివాను. నన్ను అబద్ధాలకోరు అన్నావు. నువ్వు నన్ను ఏమైనా అను, పడతాను. ఆ మాట మాత్రం పడలేకపోయాను. నేను అబద్ధం రాయలేదని రుజువు చెయ్యాలని సిగ్గు చంపుకుని కొలబద్ద దగ్గరికి వెళ్ళాను.

నన్ను చూసి అది "చెప్పానా" అనలేదు. అని ఉంటే నాకు తేలికయ్యేది. పట్టీ విప్పి, వేలితో భుజం చుట్టూ నొక్కి చూసి, "ఆ చెవిదాకా లేచింది ఎక్కడ? ఏ గోడ దగ్గర?" అని అడిగింది.

"గోడేమిటి? పూల్లో," అన్నాను.

"పూల్ దగ్గరా?"

"దగ్గర కాదమ్మా, లోపల. నీళ్ళలో. రోజూ పొద్దున బ్యాచ్‌లు రాకముందు దిగుతాను. వెల్లకిలా తేలుతూ చెయ్యి చాపుతాను. అదే వెళ్ళి చెవి పక్కన చేరుతుంది."

అది పుస్తకం మూసి, "పదండి, చూపించండి," అంది. గదికి తాళం వేసి నాతో బస్సెక్కింది. వాళ్ళ పేషెంట్లు ఇద్దరు బయట బెంచీ మీద కూర్చుని ఉన్నారు, వాళ్ళని అరగంట ఆగమంది. మా పూల్ గట్టున చెప్పులు విప్పి, ప్యాంటు మడిచి, మెట్ల మీద మోకాళ్ళ లోతులో నిలబడింది. నేను దిగి, వెల్లకిలా తేలి, దెబ్బతిన్న చేతిని వదిలాను. పట్టీ విప్పిన పూటే, అంత నొప్పిలోనూ, అది మెల్లగా జరిగి చెవి పక్కకి వచ్చింది. "చూశావా!" అన్నాను.

"చూశాను. ఇప్పుడు మెట్లెక్కి పైకి రండి. ఇక్కడ, నేల మీద నిలబడండి. ఎత్తండి."

ఎత్తాను. రొమ్ము దగ్గర ఆగిపోయింది. పళ్ళు కొరికాను, ఊపిరి బిగబట్టాను, నడుం వంచి మోసం చెయ్యబోయాను. చెయ్యి రాయిలా అక్కడే ఉంది.

"మీరు అబద్ధం చెప్పలేదండీ," అంది. "ఆ చేతిని మీరు ఎత్తలేదు. నీళ్ళు ఎత్తాయి."

ఒరేయ్, నీళ్ళు బరువు మోస్తాయని నాకు తెలియదా? పొద్దున లేస్తే నేను చెప్పే మొదటి పాఠం అదే. భయపడొద్దు, నీళ్ళు మిమ్మల్ని మోస్తాయి, ఒళ్ళు వదిలెయ్యండి. వేలమందికి చెప్పాను. నా చెయ్యి దగ్గరికొచ్చేసరికి అది నా బలమనుకున్నాను. చెయ్యి కదపడం అంటే నీళ్ళలో కదపడమే కదా నాకు, ఇంకెక్కడ కదుపుతాను? నువ్వు అడగలేదు. నాకు చెప్పాలని తోచలేదు. చూసిన మనిషిని చూడలేదని ఇద్దరం కలిసి వెక్కిరించాం.

నా అంత తెలివితక్కువది ఎవరూ ఉండరనుకున్నాను. నీ బొమ్మల్లో అందగాణ్ణి చూశాక ధైర్యం వచ్చింది, తోడు ఉన్నావు.

కొలబద్దకి క్షమాపణ చెప్పాను, దాని గదిని మంచుపెట్టె అన్నందుకు కూడా. "చల్లటి గది గురించి మీరన్నది నిజమేనండీ, హీటర్ అడిగాను, ఇవ్వట్లేదు," అంది.

గోడ పాకడం మళ్ళీ మొదలుపెట్టిన
అక్క

*

మే 30

అక్కా,

ఉత్తరం చదివి చాలాసేపు క్లినిక్ తలుపు వేసుకుని కూర్చున్నాను. బయట గోడకి నేనే రాయించి పెట్టిన బోర్డు ఉంది, "చూడకుండా ఫోన్లో వైద్యం చెప్పబడదు." ఉత్తరం గురించి అందులో లేదని సరిపెట్టుకోబోయాను. కుదరలేదు.

నిన్ను నేను అబద్ధాలకోరు అనడం నీ భుజం జారడం కన్నా పెద్ద తప్పు. నీ భుజం జారడం నా తప్పు. రెండూ నావే. ఆ అమ్మాయికి వేరే ఉత్తరం రాశాను. ఈసారి చదవకుండా ఇవ్వు. చదువుతావని తెలుసు. అయినా అడుగుతున్నాను.

ఇంకొకటి. మీ పూల్ మేనేజరుకి ఫోన్ చేశాను. నువ్వు తిడతావు. పరీక్ష గురించి ఏదైనా సాయం చెయ్యమని అడిగాను, కొంచెం వాయిదా వేస్తారేమోనని. ఆయన చాలా మంచిగా మాట్లాడాడు. "మేడం గురించి మీరు బెంగపెట్టుకోకండి, నేను చూసుకుంటాను," అన్నాడు. నీ కుర్చీ ఎక్కడికీ పోదు.

నేను రానా? రెండు రోజులు క్లినిక్ మూసేస్తాను.

తమ్ముడు

*

జూన్ 17

తమ్ముడూ,

రావద్దు. ముందు ఇది చదువు.

మొన్న పదిహేను. పరీక్ష రోజు. నేను వాయిదా అడగడానికి పొద్దున్నే మేనేజరు గదికి వెళ్ళాను. కూర్చోమన్నాడు. టీ తెప్పించాడు. బల్ల మీద నా కాగితం సిద్ధంగా ఉంది. యాభై మీటర్లు, పూర్తి. గట్టు ఎక్కించుట, పూర్తి. కింద ఆయన సంతకం, ముద్ర, తేదీ. నేను ఇంకా చెప్పులైనా విప్పలేదు.

"మీ తమ్ముడుగారు అంతగా అడిగారు. ఇరవై ఆరేళ్ళలో మీ చేతిలోంచి ఒక్క ప్రాణం పోలేదు. మీకు పరీక్ష ఏంటండీ? ఎవరడుగుతారు?" అన్నాడు.

నీ మంచితనానికి నీ చెంప అక్కడే పగలగొట్టాలనిపించింది. నువ్వు అడిగింది వాయిదా, ఆయనకి అర్థమైంది ఇది. ఆయన కూడా మంచివాడే. మంచివాళ్ళ మధ్య ఇరుక్కుంటే ఇలాగే ఉంటుంది.

కాగితం తీసుకున్నాను. నిజం చెబుతున్నాను, మడతపెట్టి బ్యాగులో కూడా పెట్టుకున్నాను. అంత ఆశ ఉందిరా నాకు ఆ కుర్చీ మీద. బయటికొచ్చాను. పెద్దవాళ్ళ బ్యాచ్ నీళ్ళలో ఉంది. అలవాటు కదా, తలలు లెక్కపెట్టాను. పదిహేడు. మా పన్నుల గుమాస్తా కూడా ఉన్నాడు, మళ్ళీ లోతు వైపే. ఒక్కొక్క తల చూస్తూ అనుకున్నాను, దీన్ని తేగలనా? తేగలను. దీన్ని? తేగలను. యాభై మీటర్లు కాదు వందైనా తెస్తాను, నీళ్ళు సగం మోస్తాయి. గట్టు దగ్గరికొచ్చాక? అక్కడ నీళ్ళు వదిలేస్తాయి. అక్కడ రొమ్ము దగ్గర ఆగిపోయే చెయ్యి ఉంది నాకు. గట్టుదాకా తెచ్చి, ఎక్కించలేక, పట్టుకుని నిలబడి, ఎవరైనా రండి అని అరుస్తాను. ఎవరొస్తారు? ఆవలించేవాడా?

వెనక్కి వెళ్ళాను. "నా వల్ల కాదండీ," అన్నాను. ఈ మాట నా నోట నేను ఎప్పుడూ వినలేదు. ఆయనకీ అర్థం కాలేదు, "ఏది?" అన్నాడు. "మనిషిని ఎత్తడం. ఇప్పుడు నేను మనిషిని ఎత్తలేను," అన్నాను. కాగితాన్ని ఆయన ముందే చింపాను. ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేత్తో.

కుర్చీ పోయింది. మూడు నెలలు టికెట్ల గదిలో కూర్చోమన్నాడు, సెప్టెంబరు చివర్లో మళ్ళీ పరీక్ష పెడతానన్నాడు. అప్పుడు కూడా ఎత్తలేకపోతే ఇక టికెట్లే. ఒప్పుకున్నాను. నిన్నంతా టికెట్లు చింపాను. ఎవరి చొక్కా చింపలేదు. ఇంటికొచ్చి స్నానాలగదిలో కుళాయి తిప్పి పెట్టుకుని ఏడ్చాను. బావకి వినబడింది, వినబడనట్టు జడ వేశాడు.

కొలబద్ద వారానికి మూడుసార్లు రమ్మంది. నీ రెండో ఉత్తరం ఇచ్చాను, చదివే ఇచ్చాను. బాగా రాశావు. అది కూడా నాలుగు మడతలు పెట్టి ఫైల్లో పెట్టింది.

ఇక నువ్వు రావడం సంగతి. ఇప్పుడు వస్తే నా పక్కన కూర్చుని జాలిగా చూస్తావు, రెండో నిమిషంలో ఒకరం లేచి వెళ్ళిపోతాం. సెప్టెంబరులో రా, పరీక్షకి వారం ముందు. నువ్వు ఎంత లేదన్నా ఎనభై కిలోలుంటావు, వాళ్ళ అరవై అయిదు కన్నా నయం. పొద్దున్నే ఎవరూ రాకముందు నీళ్ళలో పడుకుని ఒళ్ళు వదిలెయ్యి. గట్టుదాకా తెస్తాను. అక్కడ నువ్వు నాకు సాయం చెయ్యకు, కాళ్ళతో తన్నకు, నేను బాధపడతానని చెయ్యి ఊతంగా పెట్టకు. శవంలా బరువుగా ఉండు. ఎక్కించానో లేదో నువ్వే చెప్పు. లేదని నువ్వు చెబితే నమ్ముతాను, ఆ పూటే టికెట్ల గదికి వెళ్ళి కూర్చుంటాను.

మీ అక్క